ఆపి వదిలేసినవారి లెక్క

ఇషా నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగుతున్న వేళ, మా చిలకలగూడలో ఒక ప్రశ్న మా ముందుకు వచ్చింది. అడిగినవాడు ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. పగలు డిగ్రీ చదువుతాడు, సాయంత్రం నుంచి బండి మీద ఇళ్ళకు భోజనం పార్సిళ్ళు చేరవేస్తాడు. "మౌలానా, రోడ్డు మీద పది బండ్లు పోతుంటే నా బండినే ఎందుకు ఆపుతారు? గడ్డం చూసి ఆపుతున్నారని నేను అనుకుంటే అది గునాహా?" అన్నాడు. పక్కనే చెప్పులు వేసుకుంటున్న ఒక పెద్దాయన వెంటనే అందుకుని, "అరే బేటా, హెల్మెట్ పెట్టుకో, కాగితాలు దగ్గర ఉంచుకో, ఎవడూ ఆపడు" అన్నారు. కుర్రవాడి చేతిలో హెల్మెట్ ఉంది. దాన్ని ఎత్తి చూపించాడు. పెద్దాయన ఇంకేమీ అనలేదు.

ఆ ప్రశ్నకు మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే అందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ముఖం చూసి, పేరు విని, దుస్తులు చూసి ఒక మనిషిని ఆపడం దౌర్జన్యమా కాదా అన్నది మొదటిది. దానికి జవాబు సులువే. ఆధారం లేకుండా 'నన్ను అందుకే ఆపారు' అని ఆ కుర్రవాడు అనుకోవడం కూడా దురనుమానం కాదా అన్నది రెండవది. ఇది సులువు కాదు. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 12వ ఆయతులో చెప్పిన హితవు లాఠీ పట్టుకున్నవాడికి ఎంత వర్తిస్తుందో, బండి మీద ఉన్నవాడికీ అంతే వర్తిస్తుంది. అతను ఇతణ్ణి అనుమానిస్తున్నాడు. ఇతను అతణ్ణి అనుమానిస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చే వస్తువు ఏదైనా ఉందా?

మా సొంత అనుభవం ఒకటి చెబుతాము. కొన్నేళ్ళ క్రితం నగరంలో ఒక చోట (ఏ చోటో ఇక్కడ అనవసరం) మేము స్కూటరు మీద వెళుతున్నాము. మా ముందు మరో స్కూటరు మీద మా మిత్రుడు, ఒక స్కూలు మాస్టారు వెళుతున్నారు. ఆయనకు గడ్డం లేదు, టోపీ లేదు. ఆయన స్కూటరు సాగిపోయింది. మాది ఆగింది. లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా ఎక్కడి నుంచి వస్తున్నారు, ఏం పని చేస్తారు, సంచిలో ఏముంది అన్న ప్రశ్నలు వచ్చాయి. సంచిలో ఒక కితాబు, ఖాళీ టిఫిన్ డబ్బా ఉన్నాయి. డబ్బా మూత తీయించి మరీ చూశారు. పది నిమిషాల తర్వాత వెళ్ళమన్నారు. మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట కూడా చెప్పాలి. మాస్టారు ముందుకెళ్ళి మా కోసం ఎదురు చూస్తూ నిలబడ్డారు. "యాదృచ్ఛికం అయి ఉంటుంది" అన్నారాయన. అయి ఉండవచ్చు. అది వివక్షేనని ప్రమాణం చేసి చెప్పగలమా? చెప్పలేము. కాదని ఆయన చెప్పగలరా? ఆయనా చెప్పలేరు. ఒక్క సంఘటన నుంచి ఎవరూ ఏమీ తేల్చలేరు. వెయ్యి సంఘటనలను పక్కపక్కన పెడితే తేల్చవచ్చు. కానీ మమ్మల్ని ఆపినట్టు ఏ పుస్తకంలోనూ నమోదు కాలేదు. రికార్డు ప్రకారం ఆ పది నిమిషాలు అసలు జరగనే లేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. మన రోడ్ల మీద జరిగే తనిఖీల్లో ఒక భాగం మాత్రమే కాగితం మీదికి వస్తుంది. చలానా రాస్తే దానికి నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, స్థలం ఉంటుంది, ఫోటో కూడా ఉంటుంది. ఎన్ని చలానాలు బకాయి ఉన్నాయో, అందులో ద్విచక్ర వాహనాలవి ఎన్నో, కార్లవి ఎన్నో ప్రభుత్వానికి క్షణాల్లో తెలుస్తుంది. అందుకే 2022 మార్చిలో బకాయి చలానాల మీద రాయితీ ప్రకటించినప్పుడు ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం అని విడివిడిగా చెప్పగలిగారు. 2023 డిసెంబరులో మళ్ళీ రాయితీ ఇచ్చినప్పుడు ద్విచక్ర వాహనాలకు అది 80 శాతమైంది. అంటే లెక్క పెట్టడం చేతగాక కాదు. రూపాయి వచ్చే చోట లెక్క ఉంది. మనిషిని ఆపి, ప్రశ్నించి, సంచి వెతికి, ఏమీ దొరక్క వదిలేసిన చోట లెక్క లేదు. నిర్దోషి పట్ల జరిగినదే నమోదు కాకుండా పోతోంది.

ఒక మాట స్పష్టం చేయాలి. రోడ్డు మీద తనిఖీయే తప్పని మేము అనడం లేదు. యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను చెబుతోంది. అది మనందరి ప్రాణాల కోసమే. రాత్రివేళ తాగి నడిపేవాళ్ళను పట్టుకునే తనిఖీలు లేకపోతే ఎన్ని ఇళ్ళలో ఏడుపులు వినిపించేవో ఊహించండి. సికింద్రాబాద్ స్టేషను నుంచి దిగే జనం, ఆలుగడ్డబావి వంతెన కింది నుంచి దూసుకొచ్చే ఆటోలు, బస్సులు, అన్నీ కలిసే మా చౌరస్తాలో మండుటెండలో నిలబడే కానిస్టేబుల్ పని ఎంత కష్టమో రోజూ చూస్తూనే ఉన్నాము. ఆ అధికారం ఒక అమానతు. అమానతు అన్నాక లెక్క అడగడం అవమానం కాదు.

ఈ లెక్క అడిగిన ఒక మనిషి కథ తెలుసుకోవడం మంచిది. 1992 మే నెలలో అమెరికాలో రాబర్ట్ విల్కిన్స్ అనే నల్లజాతి న్యాయవాది షికాగోలో తాతగారి అంత్యక్రియలు చూసుకుని కుటుంబంతో అద్దె కారులో తిరిగి వస్తున్నారు. మేరీలాండ్ రాష్ట్రంలో పోలీసులు కారు ఆపారు. వెతుకుతామన్నారు. ఆయన చట్టం తెలిసినవాడు కనుక ఒప్పుకోలేదు. మాదకద్రవ్యాలను పసిగట్టే కుక్క వచ్చేదాకా కుటుంబాన్ని ఆపేశారు, వానలో దింపి నిలబెట్టారు. కుక్క కారంతా వాసన చూసింది. ఏమీ దొరకలేదు. ఆయన కోర్టుకు వెళ్ళారు. నల్లవారి విషయంలో అప్రమత్తంగా ఉండమని సూచించే పోలీసు పత్రం ఒకటి ఆ కేసులో బయటపడింది. 1995లో రాజీ కుదిరింది. ఆ రాజీలో నష్టపరిహారం కంటే విలువైనది ఒక షరతు: ఇకపై రోడ్డు మీద వాహనాన్ని ఆపి వెతికిన ప్రతిసారీ ఎవరిని, ఎక్కడ, ఎందుకు, ఏం దొరికింది అన్నది పోలీసులు రాసి కోర్టుకు సమర్పించాలి. అలా రాయగా తేలింది ఏమిటంటే, ఒక ప్రధాన రహదారి మీద వాహనాలు నడిపేవారిలో నల్లవారు నూటికి 17 మంది అయితే, పోలీసులు ఆపి వెతికినవారిలో నూటికి 70 మందికి పైగా వారే. మరి వారి దగ్గర ఎక్కువగా దొరికిందా? లేదు. వెతికిన తెల్లవారిలో ఎంత శాతం దగ్గర ఏదో ఒకటి దొరికిందో, నల్లవారిలోనూ దాదాపు అంతే శాతం దగ్గర దొరికింది. విల్కిన్స్ 2014లో వాషింగ్టన్ ఫెడరల్ అప్పీలు కోర్టులో న్యాయమూర్తి అయ్యారు.

ఈ అంకెల్లో రెండు పాఠాలున్నాయి. తొందరపడి లెక్కలు చదివేవాళ్ళు వీటిని మరచిపోతారు. చార్మినార్ దగ్గర వంద బండ్లు ఆపితే ఎనభై మంది ముస్లింలు అయ్యారనుకోండి. అది వివక్షా? ఆ దారిన పోయేవాళ్ళలో ఎనభై మంది ముస్లింలే అయితే కానే కాదు. అందుకే ఎంతమందిని ఆపారన్న ప్రశ్నకు ముందు ఎంతమంది ఆ దారిన పోతున్నారన్న ప్రశ్న రావాలి. తూకంలో ఒక పళ్ళెం చూసి బరువు చెప్పేవాణ్ణి మనం నమ్ముతామా? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు 12.7 శాతం అన్న అంకెను తీసుకుని చిలకలగూడ చౌరస్తాకు అన్వయిస్తే అదీ తప్పే. ఇది రైల్వే స్టేషను దారి. ఊరూరి జనం పోయే దారి. రెండవ పాఠం, ఎందరిని ఆపారన్న దానికంటే ఆపినప్పుడు ఎందరి దగ్గర నిజంగా తప్పు దొరికిందన్నది ముఖ్యం. ఒక వర్గం వారిని ఎక్కువగా వెతికి, వారి దగ్గర తక్కువగా దొరుకుతుంటే, వెతికిన చేతికి ఆధారం అక్కర్లేకుండా పోయిందన్నమాట.

పండితులు ఇంకో యుక్తి కూడా కనిపెట్టారు. చీకటి పడ్డాక కారులో ఉన్నవాడి రంగు పోలీసుకు కనిపించదు. కనుక ఒకే గడియలో, ఉదాహరణకు సాయంత్రం ఏడు గంటలకు, వేసవిలో వెలుగున్నప్పుడు ఆపినవారిని, శీతాకాలంలో చీకటిలో ఆపినవారిని పోల్చి చూస్తారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు అమెరికా అంతటా దాదాపు పది కోట్ల తనిఖీల రికార్డులు సేకరించి 2020లో ఫలితం ప్రచురించారు. చీకటి పడగానే ఆపినవారిలో నల్లవారి వాటా తగ్గుతోందని తేలింది. ముఖం కనిపించకపోతే అనుమానం కూడా తగ్గుతోందన్నమాట. (మా పెద్దాయన చెప్పిన హెల్మెట్ సలహాలో ఆయనకే తెలియని అర్థం ఒకటి ఉందని ఇది చదివాక మాకు తోచింది. హెల్మెట్ తలను కాపాడుతుంది, టోపీని దాస్తుంది.)

ఇక మన నగరానికి వద్దాం. 2007 మే 18న మక్కా మసీదులో జుమా నాడు పేలుడు జరిగింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. చనిపోయినవారు మనవాళ్ళే, పట్టుకుపోయిందీ మన పిల్లల్నే. ఆ ఏడాది ఎందరో ముస్లిం యువకులను నిర్బంధించారు, కోర్టులు తర్వాత వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. 2012 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవై వేల చొప్పున మొత్తం 70 లక్షల రూపాయలు పరిహారంగా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టివేసింది. కోర్టు తర్కం మీద ఇక్కడ వాదించబోము. కానీ ఒక సంగతి గమనించండి. అరెస్టు అయి కేసు నడిచింది కనుకనే వారికి నిర్దోషులన్న కాగితం దొరికింది. ఆ రోజుల్లో ఇంటి నుంచి, దుకాణం నుంచి తీసుకెళ్ళి, కేసు పెట్టకుండా వదిలేసినవాడు ఏ కాగితంతో తాను నిర్దోషినని చెప్పుకోవాలి?

తర్వాతి కాలంలో తనిఖీల రూపం మారింది. 2015 నుంచి పాతబస్తీలో రాత్రివేళ అరుగుల మీద కూర్చున్న యువకులను 'ఆపరేషన్ చబుత్రా' పేరుతో స్టేషన్లకు తీసుకెళ్ళి, తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ చేసి పంపడం మొదలైంది. ఇది మంచిదేనన్న తల్లులు మాకు తెలుసు, పిల్లవాడు అర్ధరాత్రి దాకా వీధిలో ఉంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. అర్ధరాత్రి దాకా మేల్కొనే యువకులు పాతబస్తీ అరుగుల మీదనే ఉన్నారా, నగరం అవతలి కొసన ఖరీదైన కాఫీ దుకాణాల ముందు లేరా? 2021 అక్టోబరులో మన నగరంలోనే పోలీసులు బండ్లు ఆపి యువకుల సెల్‌ఫోన్లు తీసుకుని, అందులో 'గంజాయి' అన్న మాట కోసం వెతుకుతున్న వీడియోలు దేశమంతా చూసింది. ఎవరినీ బలవంతం చేయలేదని పోలీసులు అన్నారు. లాఠీ పట్టుకున్నవాడు అడిగినప్పుడు ఇచ్చింది ఇష్టంగా ఇచ్చినట్టు అవుతుందా అన్నది ఫిఖ్హ్ చదివిన ఏ విద్యార్థికైనా తెలిసిన చర్చే. ఇక్రాహ్, అంటే బలవంతం, కత్తి మెడ మీద ఉన్నప్పుడే మొదలవదు.

అదే ఏడాది మే నెలలో, లాక్‌డౌన్ కాలంలో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త మామగారితో కలిసి బండి మీద వస్తుంటే పోలీసులు ఆపారు. మాస్కు తీయమని ట్యాబ్‌తో ఫోటోలు తీశారు. కరోనా కాలంలో మాస్కు తీయమనడం ఏమిటన్నది అలా ఉంచండి. ఆ ఫోటో ఎక్కడికి పోతుంది, ఎవరి ముఖాలతో పోల్చుతారు, ఎన్నాళ్ళు దాస్తారు? ఆయన మొదట పోలీసు కమిషనరుకు లీగల్ నోటీసు పంపారు. తర్వాత తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. మనందరం రోడ్డు మీద మనసులో అనుకుని ఇంటికొచ్చి భార్యకు చెప్పుకుని మరచిపోయే మాటను ఆ మనిషి కాగితం మీద పెట్టి అడిగాడు. అందుకు ఆయనను మెచ్చుకోవాలి.

పోలిక పొరపాటు పడితే ఏమవుతుందో మాకు దగ్గరలోనే కనిపించింది. 2023 జనవరిలో మెదక్‌లో ఒక గొలుసు దొంగతనం జరిగింది. సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడన్న అనుమానంతో ఒక ముస్లిం కూలీని హైదరాబాదులో పట్టుకుని మెదక్ తీసుకెళ్ళారు. కొన్ని రోజుల తర్వాత వదిలేశారు. ఆ మనిషి ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో, అంటే చిలకలగూడ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, కన్నుమూశాడు. స్టేషనులో తనను కొట్టారని ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పిన వీడియో మిగిలింది. పోలీసు సిబ్బందిని సస్పెండు చేశారు, హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. బండి ఆపి పది నిమిషాలు ప్రశ్నించడానికి, దీనికి చాలా దూరం ఉందని ఎవరైనా అనవచ్చు. దూరం ఉంది. దారి మాత్రం ఒకటే. రెండు చోట్లా మొదటి అడుగు 'అలా ఉన్నాడు' అన్నదే.

అంకెలు పూర్తిగా లేవని కూడా అనలేము. జైళ్ళ లెక్కల్లో మతం గడి ఉంది. 2019 జాతీయ గణాంకాల ప్రకారం విచారణ ఖైదీల్లో ముస్లింలు 18.7 శాతం, శిక్ష పడినవారిలో 16.6 శాతం. దేశ జనాభాలో మన వాటా 14.2 శాతం. అదే ఏడాది కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు పోలీసు సిబ్బందినే అడిగి చేసిన సర్వేలో, ముస్లింలకు సహజంగానే నేరాల వైపు మొగ్గు ఉంటుందని దాదాపు సగం మంది ఏదో ఒక స్థాయిలో ఒప్పుకున్నారు. ఇది మనం అన్న మాట కాదు, వాళ్ళు చెప్పిన జవాబు. అయితే ఈ అంకెలను చూపించి వీధిలో ఫలానా కానిస్టేబుల్ ఫలానా కుర్రవాణ్ణి మతం చూసే ఆపాడని అనడం న్యాయం కాదు. పేదరికం, లాయరు దొరకకపోవడం, జామీను ఇచ్చేవాడు లేకపోవడం, ఇవన్నీ జైలు అంకెల్లో కలిసి ఉంటాయి. అందుకే వీధి లెక్క విడిగా కావాలి అంటున్నాము.

ఇది ముస్లింల మొర మాత్రమే అనుకుంటే చరిత్ర మనల్ని తప్పుపడుతుంది. 1871లో ఆంగ్లేయులు నేరస్థ తెగల చట్టం చేసి, పుట్టుకతోనే మనుషులను దొంగలుగా లెక్కగట్టారు. మన తెలుగు నేల మీద ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి, హాజరు వేయించి, ఊరు దాటాలంటే అనుమతి కాగితం అడిగారు. 1952లో చట్టం పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి చెయ్యి జేబు మీదికి వెళ్ళడం అంత త్వరగా పోలేదు. ఆ మాటకొస్తే ఆ చెయ్యి మనవాళ్ళది కూడా కాదా? మన ఇళ్ళలో ఏదైనా పోతే మొదట పనిమనిషి సంచి వైపు చూడమా?

మదీనాలో జరిగిన ఒక ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. అన్నిసా సూరా 105వ ఆయతు నుంచి కొన్ని ఆయతులు దాని గురించే అవతరించాయని తఫ్సీరు గ్రంథాలు చెబుతాయి, వివరాలు కొద్ది తేడాలతో ఉన్నాయి. ఉబైరిఖ్ కుటుంబానికి చెందిన ఒకడు, పైకి ముస్లిం, ఒక ఇంటి నుంచి కవచం దొంగిలించాడు. అది దాచిన పిండి బస్తాకు చిల్లు ఉంది. దారి పొడవునా పిండి రాలింది. పట్టుబడతానన్న భయంతో కవచాన్ని ఒక యూదుని ఇంట్లో పెట్టాడు. పిండి జాడ ఆ యూదుని గుమ్మం దాకా పోయింది. దొంగ బంధువులు దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి తమవాడి తరఫున వాదించారు. యూదుడే దొంగ అన్నారు. జాడ అక్కడే ఉంది, సొత్తు అక్కడే ఉంది, పైగా అతను పరాయివాడు. అప్పుడు అవతరించిన వాక్యాలు ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టాయి, ద్రోహుల తరఫున వాదించవద్దని హెచ్చరించాయి. అది ముస్లింలకు కష్టకాలం, చుట్టూ శత్రువులు. తమవాడి పరువు పోయినా సరే, పరాయివాడి మీద అబద్ధపు అనుమానం నిలవకూడదన్న తీర్పు ప్రళయం దాకా చదవబడే గ్రంథంలోకి ఎక్కింది. ఇందులో పోలీసుకు చెప్పవలసింది ఎంత ఉందో మనకు చెప్పవలసింది అంతకంటే ఎక్కువ ఉంది. దాన్ని ఎందుకు అంటున్నామో కాసేపట్లో చెబుతాము.

లెక్క అడగడం పోలీసులను అవమానించడమే అనేవారికి మరో ఉదంతం గుర్తు చేస్తాము. రమజాను చివరి పది రోజుల్లో దైవప్రవక్త (సఅసం) ఎతికాఫ్‌లో ఉండగా సతీమణి హజ్రత్ సఫియ్యా (రజి) రాత్రివేళ చూడవచ్చారు. ఆమెను సాగనంపడానికి ఆయన వెంట నడిచారు. దారిలో ఇద్దరు అన్సారీలు చూసి త్వరత్వరగా నడవసాగారు. ఆయన వారిని ఆపి, ఈమె నా భార్య సఫియ్యా అని చెప్పారు. వారు నివ్వెరపోయారు. మీ గురించి మేము అలా అనుకుంటామా అన్నట్టు మాట్లాడారు. షైతాను మనిషి మనసులో ఏదైనా వేస్తాడేమోనని చెప్పానని ఆయన వివరించారు. సృష్టిలో అందరికంటే నిష్కళంకులైన వ్యక్తి, ఎవరూ అడగకుండానే, నడిరోడ్డు మీద తన గురించి వివరణ ఇచ్చారు. అనుమానించేవాడు తప్పు చేశాడని వదిలేయలేదు, అనుమానానికి చోటు లేకుండా చేయడం తన పని అనుకున్నారు. మరి ప్రజల జీతం తీసుకునే శాఖ తన తనిఖీల లెక్క ఏడాదికోసారి బయట పెడితే దాని గౌరవానికి లోటు ఏముంటుంది?

ఆక్షేపణలు లేకపోలేదు. మతం పేరుతో లెక్కలు రాయడం మొదలుపెడితే మతవిభేదాలు పెరుగుతాయని మంచి మనసుతోనే కొందరంటారు. ఈ భయం మాకూ ఉంది. కానిస్టేబుల్ చేతిలోని యంత్రంలో మతం గడి పెడితే, ఆ గడి నింపడానికైనా అతను అందరి మతం వెతకడం నేర్చుకుంటాడు. ఆ జాబితా రేపు ఎవరి చేతికి పోతుందో మనకేం తెలుసు? అమెరికాలోని కాలిఫోర్నియా 2015లో చట్టం చేసినప్పుడు మనిషిని 'నీ జాతి ఏది' అని అడగకూడదని, ఆ అధికారికి చూడగానే ఏమనిపించిందో అదే రాయాలని పెట్టింది. వివక్ష పుట్టేది చూపులో కనుక చూపునే నమోదు చేయమంది. తెలివైన పద్ధతే. అయినా మన దేశంలో ముందుగా అడగవలసింది మతం గడి కాదని మా అభిప్రాయం. ఆపిన ప్రతి మనిషికి ఒక చీటీ ఇవ్వాలి. తేదీ, సమయం, స్థలం, ఆపిన కారణం, వెతికారా లేదా, ఏం దొరికింది, ఆపిన ఉద్యోగి నంబరు. ఇంతే. బ్రిటన్‌లో పోలీసులు వెతికినవాడికి ఆ రికార్డు నకలు అడిగి పొందే హక్కు ఎన్నో ఏళ్ళుగా ఉంది. ప్రాంతాల వారీగా, సమయాల వారీగా, పేర్లు లేకుండా ఆ మొత్తాలు ప్రచురిస్తే, ఏ బస్తీలో ఎంత వెతికి ఎంత దొరికిందో మతం గడి లేకుండానే చాలా వరకు కనిపిస్తుంది. మిగిలింది స్వతంత్రులైన పరిశోధకులు చూసుకోవచ్చు.

లెక్క రాసేవాడే తప్పు రాస్తే? ఈ ప్రశ్నా నిజమైనదే. 2023లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఆడిట్ చేస్తే, పోలీసులు జాతి వివరాలతో పంపిన టికెట్ల రికార్డుల్లో దాదాపు 26 వేలు కోర్టు రికార్డులతో సరిపోలలేదు. 2024లో వచ్చిన విచారణ నివేదిక వాటిలో ఎక్కువభాగం కావాలని చేసినవి కావు, పొరపాట్లు అంది. తూకం వేసేవాడి తూకపురాళ్ళు కూడా తూయాలన్నమాట. మన దగ్గర అయితే చీటీ నకలు మనిషి జేబులోనే ఉంటుంది కనుక సరిపోల్చడం కొంత సులువు.

ఇక వాయిదా వేసిన మాట. లెక్క బయటికి వచ్చి, అది మనకు వ్యతిరేకంగా ఉంటే? ఫలానా బస్తీలో ముస్లిం యువకులను ఎక్కువగా ఆపారు, నిజమే, కానీ వారిలోనే హెల్మెట్ లేనివారు, ముగ్గురేసి ఎక్కినవారు, లైసెన్సు లేని పదహారేళ్ళవారు ఎక్కువగా దొరికారు అని తేలితే? అప్పుడు మన పత్రికలు ఆ అంకెను అచ్చు వేస్తాయా? మీ మీదికి, మీ తల్లిదండ్రుల మీదికి వచ్చినా న్యాయం పక్షాన సాక్ష్యం చెప్పమన్న ఆదేశం అన్నిసా సూరాలోనే, 135వ ఆయతులో ఉంది. ఉబైరిఖ్ బంధువులు చేసిన తప్పు దొంగతనం కాదు. దొంగ తమవాడు కనుక లెక్క ముందే తేల్చేసుకుని వచ్చారు. పోలీసు ముందే తేల్చుకుని ఆపితే అది ఏ తప్పో, మనం ముందే తేల్చుకుని లెక్క అడిగితే అదీ ఆ తప్పే. షబె బరాత్ రాత్రి మన పిల్లలు సైలెన్సర్లు తీసేసిన బండ్ల మీద ఫ్లైఓవర్ల పైన ఏం చేస్తారో మనకు తెలియదా? ఇబాదతు చేయవలసిన రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లు మూసేయాల్సి రావడం చూసి మేము సిగ్గుపడ్డాము. ఆ సిగ్గు, ఈ ఫిర్యాదు రెండూ ఒకే మనసులో ఉండవచ్చు. ఒకటి ఉందని రెండవదాన్ని అణచుకోనక్కరలేదు.

వారం తర్వాత ఆ కుర్రవాణ్ణి మళ్ళీ పిలిచాము. నువ్వు అనుమానించడం గునాహా అని అడిగావు. మనసులో వచ్చిపోయే ఆలోచనకు పట్టుబడవు. దాన్ని నిజమని నలుగురిలో ప్రచారం చేస్తే, విచారించకుండా చేసినందుకు జవాబు చెప్పాలి. విచారించడానికి దారి ఉన్నప్పుడు విచారించు అన్నాము. దారి ఏమిటన్నాడు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే అధికారుల దగ్గర ఉన్న సమాచారమే ఇస్తారు, లేని లెక్కను కొత్తగా తయారు చేసి ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కనుక 'లేదు' అన్న జవాబు వస్తే రావచ్చు. ఆపి వదిలేసినవారి రికార్డు తమ దగ్గర లేదని సంతకంతో రాసి ఇస్తే, అదీ చేతిలో ఉండవలసిన కాగితమే.

మసీదు అరుగు మీదనే కూర్చుని దరఖాస్తు రాశాము. చక్కని తెలుగులో రాయమంటే ఉర్దూ మీడియం కుర్రవాడు, రెండు చోట్ల ఒత్తులు మేము దిద్దాము. గత మూడేళ్ళలో వాహన తనిఖీల్లో ఎందరిని ఆపారు, ఏ స్థలాల్లో, చలానా లేకుండా ఎందరిని పంపారు, సంచులు, ఫోన్లు వెతకడానికి లిఖితపూర్వక నిబంధనలు ఉన్నాయా, తీసిన ఫోటోలు ఎన్నాళ్ళు ఉంచుతారు. సంతకం పెట్టబోతుండగా, హెల్మెట్ సలహా ఇచ్చిన పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి, "ఇంకొకటి రాయి బేటా" అన్నారు. "ఈ ఏరియాలో లైసెన్సు లేని మైనర్లు ఎందరు పట్టుబడ్డారు, అదీ అడుగు." కుర్రవాడు మా వైపు చూశాడు. మేము తల ఊపాము. ఐదవ ప్రశ్నగా అదీ రాశాడు.